గడువు తీఱిన గ్యారంటీ - తీఱని బాధ్యత

(అమలాపురమునందలి యొక పఠనమందిరమున నిచ్చిన యుపన్యాసము)



ఈ సభవారు నాకు నిర్ణయించిన విషయము చూచుటకు స్వల్పముగా గనుపించును. చెడిపోయిన ఫ్రిజ్జును గూర్చియు, తిరుగని వాషింగు మెషీనును గూర్చియు నుపన్యాసమేల యని కొందఱికి దోపవచ్చును. కాని యొక సామాన్యకుటుంబమువారు నెలలతరబడి కూడబెట్టిన ధనముతో గొన్న వస్తువు, ఏడాది తిరిగి రెండు నెలలు గాకమునుపే మూలబడినచో ఆ నష్టము స్వల్పము కాదు. మన సీమనుండి కువైటునకును దుబాయికిని బోయి, పరుల యిండ్లలో బనిచేసి, స్త్రీలు పంపిన సొమ్ముతో నిచట నెన్నో యిండ్లకు యంత్రములు వచ్చినవి. వాయిదాలపై గొన్నవారి సంగతి మఱియు కష్టము. వాయిదాలు తీఱకమునుపే గ్యారంటీ తీఱిపోవుచున్నది.

యంత్రము చెడినదని దుకాణమునకు బోయినవారికి లభించు ప్రత్యుత్తరమొక్కటే: "గడువు దాటిపోయినదండీ, ఇక మేమేమియు జేయలేము." ఈ మాట విని పెక్కుమంది తమకింక నేహక్కును లేదని యింటికి మఱలుచున్నారు. ఆ మాటలో సగము సత్యము, సగమసత్యము. ఆ రెంటిని విడదీసి చెప్పుటయే నేటి నా పని.

గ్యారంటీ యనగా నేమి? అది తయారుదారుడు వ్రాసియిచ్చిన యొక ప్రత్యేకవాగ్దానము. ఈ కాలములోపల వస్తువు చెడినచో, కొన్నవాని తప్పు లేనియెడల, మేము ఉచితముగా బాగుచేసి యిత్తుమని దాని భావము. గడువులోపల చెడిన వస్తువు ఏల చెడినదో కొన్నవాడు ఋజువు చేయనక్కఱలేదు. చెడినదని చూపిన జాలును. గడువు తీఱినపిదప ఈ సౌకర్యము పోవును. ఇది యా మాటలోని సత్యము. కాని నాడు చేసినప్పుడే వస్తువులో దోషముండి, అది నేడు బయటపడినచో, ఆ దోషమునకు బాధ్యత కార్డుమీది తేదీతో తుడిచిపెట్టుకొని పోదు. దోషము పుట్టుకతో వచ్చినదని చూపవలసిన భారము మాత్రము ఇపుడు కొన్నవానిపై బడును. ఋజువుభారము మాఱినది, హక్కు నశింపలేదు. ఈ భేదము తెలియకపోవుటచేతనే మనవారు నష్టపోవుచున్నారు.

ఇది నేను కల్పించిన న్యాయము కాదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయశాసనము ఆ యేట జులై 1వ తేదీనుండి మనదేశమున నమలునందున్నది. వస్తువును కొనువాడే పరీక్షించి చూచుకొనవలెనన్న పాతసూత్రమును ఆ శాసనము పదునాఱవ విభాగమున చెప్పి, వెంటనే దానికి మినహాయింపులను జేర్చినది. కొనువాడు తన ప్రయోజనమును దెలిపి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్నయెడల వస్తువు ఆ ప్రయోజనమునకు దగినదై యుండవలెను. ఆ రకపు సరకులమ్మువాని యొద్ద వర్ణనను బట్టి కొన్నయెడల వస్తువు విక్రయయోగ్యమైనదై యుండవలెను. ఇవి నోట చెప్పకున్నను, కార్డుమీద వ్రాయకున్నను బేరములో నిమిడియున్న షరతులు. వ్రాసియిచ్చిన గ్యారంటీ యున్నంతమాత్రమున, దానికి విరుద్ధము కానియెడల, ఈ యంతర్గత షరతులు రద్దు కావనియు ఆ విభాగమే చెప్పుచున్నది. అయితే యిరుపక్షములును స్పష్టముగా నొప్పుకొని ఈ షరతులను ద్రోసివేయవచ్చునని అఱువదిరెండవ విభాగము చెప్పును. కావున కార్డు వెనుక సన్నని యక్షరములతో వ్రాసినదానిని కొనకమునుపే చదువుడు. మితిమీఱిన ఏకపక్షనిబంధన లుండునెడల వానిని అన్యాయపుటొడంబడిక యని రాష్ట్రకమిషన్ యెదుట ఆక్షేపించుటకు 2019వ సంవత్సరపు శాసనమున దారి యేర్పడినది.

1962 మార్చి 15వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెనడీ తమ కాంగ్రెసునకు బంపిన సందేశమున, వినియోగదారునికి భద్రత, సమాచారము, ఎన్నుకొను స్వేచ్ఛ, మొర వినిపించుకొను నధికారము అను నాలుగు హక్కులను బేర్కొనెను. మనదేశమున 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణశాసనమునకు రాష్ట్రపతి యామోదము లభించినది. అందుచేతనే ఆ దినమును జాతీయ వినియోగదారుల దినముగా జరుపుకొనుచున్నాము. ఆ శాసనమునకు బదులుగా వచ్చిన 2019వ సంవత్సరపు శాసనము 2020 జులైలో నమలులోనికి వచ్చినది. ఇందు వస్తుదోషమన్న పదమునకు జెప్పిన యర్థమును గమనింపుడు. శాసనముచేతగాని, ఒడంబడికచేతగాని, అమ్మువాడు చెప్పుకొన్నదానిచేతగాని వస్తువునకుండవలసిన నాణ్యతయందు గలిగిన లోపము దోషము. ఆ యొడంబడిక వ్రాసినదైనను, ఇమిడియున్నదైనను ఒకటే యని శాసనము స్పష్టముగా బలికినది. గ్యారంటీ గడువులోపల బయటపడినదే దోషమని ఎచటను లేదు.

ఇక గడువు దాటిన పిదప ఏయే సందర్భములలో మొర పెట్టుకొనవచ్చునో చూతము.

మొదటిది, గడువులోపలనే యారంభమైన చెడు. నాలుగు నెలలకే ఫ్రిజ్జు చల్లబడుట మానినది. మెకానిక్కు వచ్చి గ్యాసు నింపి పోయెను. మఱల ఎనిమిదవ నెలలో నట్లే యయ్యెను. పదునాలుగవ నెలలో పూర్తిగా నాగిపోయెను. ఇది గడువు తరువాత పుట్టిన క్రొత్తజబ్బు కాదు. గడువులోపల కుదర్చవలసియుండి కుదర్చని పాతజబ్బు. ఇట్టి వ్యాజ్యములో కొన్నవాని పక్షము బలమైనది. కాని మొదటి రెండుసార్లు మెకానిక్కు వచ్చినట్లు కాగితముండవలెను. మనవారు ఫోనులో మాటలాడి, మెకానిక్కునకు కాఫీ యిచ్చి పంపివేసి, పిర్యాదు సంఖ్యను వ్రాసికొనరు. జాబ్ షీటు నడుగరు. తరువాత ఋజువెక్కడిది?

రెండవది, దాగియున్న తయారీదోషము. గొట్టపు టతుకు సరిగా లేకపోవుట, నాసిరకపు సర్క్యూట్ బోర్డు, ఒకే మోడలులో ఒకే భాగము పలువురి యిండ్లలో చెడుట ఇట్టివి. నిపుణుని పరీక్షచే నిది తేలవలెను. దోషము పరీక్షలేక తేలనపుడు వస్తువును ప్రయోగశాలకు బంపు నధికారము జిల్లా కమిషనునకు గలదు. కావున చెడిన భాగమును పాతయినుముక్రింద నమ్మివేయకుడు. అదియే మీ సాక్షి.

మూడవది, కొన్ని భాగములకు విడిగా నిచ్చిన దీర్ఘగ్యారంటీ. ఫ్రిజ్జుకంతకు నొక యేడు, కంప్రెసరుకు బదియేండ్లు అని వ్రాయుట వాడుక. కొన్నవాడు పదియేండ్ల గ్యారంటీ యనియే తలచును. తీరా చెడినప్పుడు కంప్రెసరు మాత్రమే యుచితము. గ్యాసు, కూలి, రవాణా, పన్ను అన్నియు మీవే యందురు. ఈ ఖర్చులు కార్డుమీద వ్రాసియున్నచో ఇయ్యక తప్పదు. వ్రాయక అడిగినచో ఏ నిబంధన ప్రకార మడుగుచున్నారో వ్రాతమూలమున జెప్పుమని కోరుడు.

నాలుగవది, సొమ్ము దీసికొని చేసిన మరమ్మతు. గడువు తీఱినపిదప కంపెనీవారి మెకానిక్కే వచ్చి, డబ్బు పుచ్చుకొని బోర్డు మార్చెను. పదునైదు దినములలో మఱల నదే చెడెను. ఇచట పాతగ్యారంటీతో బనియే లేదు. మూల్యమునకు జేసిన మరమ్మతు ఒక సేవ. అది సరిగా లేకున్న సేవాలోపము. రసీదు మాత్రము వలయును.

అయిదవది, యంత్రమువలన మనుష్యులకో యింటికో కలిగిన హాని. గీజరు పగిలినను, వాషింగు మెషీను షాకు కొట్టినను, ఫ్రిజ్జు వెనుక నిప్పంటుకొని యిల్లు కాలినను, అది తయారీదోషమువలనగాని రచనాలోపమువలనగాని యైనచో, 2019వ శాసనములోని ఉత్పత్తిబాధ్యతా ప్రకరణము వర్తించును. ఇచట నొక సూక్ష్మము గలదు. ఆ ప్రకరణము క్రింద హాని యన్న పదములో యంత్రము తనకు తాను చెడుట చేరదు. యంత్రపు ధర కొఱకు వస్తుదోషమని మొరపెట్టవలెను. దానివలన కాలినయింటి కొఱకు ఉత్పత్తిబాధ్యత యని మొరపెట్టవలెను.

ఆఱవది, అతిశయోక్తి ప్రకటనలు. తగిన పరీక్షమీద నాధారపడకుండ వస్తువుయొక్క పనితనమునకో ఆయువునకో హామీ యిచ్చుట అనుచితవ్యాపారపద్ధతి యని శాసనము నిర్వచించినది. ఇన్నేండ్లు చెక్కుచెదరదని పత్రికలలో బ్రకటించి, కార్డుమీద నొక యేడు వ్రాసినవారిని ఆ ప్రకటననే చూపి ప్రశ్నింపవచ్చును. కావున ప్రకటనకాగితములను బాఱవేయకుడు.

అట్లని ప్రతి చెడిన యంత్రమునకును పరిహారము వచ్చునని నేను జెప్పుట లేదు. ఎనిమిదేండ్లు పిండిరుబ్బిన గ్రైండరు అరిగినచో అది యాయువు తీఱుటయే. కొబ్బరిముక్కలను మితిమీఱి క్రుక్కి మిక్సీ మోటారును మాడ్చినవాడు తయారుదారుని దూషింపరాదు. యంత్రమును తప్పుగా వాడుట, దాని భాగములను మార్చుట ఋజువైనచో అమ్మినవానిపై ఉత్పత్తిబాధ్యతా వ్యాజ్యము చెల్లదని శాసనమే చెప్పుచున్నది. 1986 ఆగస్టు వరదలలోగాని, 2022 జులై వరదలలోగాని లంకగ్రామముల యిండ్లలో నీటమునిగిన యంత్రములకు గ్యారంటీ గలవాడైనను జవాబుదారుడు కాడు. అట్టి నష్టమునకు భీమాయే శరణ్యము. న్యాయము మన పక్షమున నున్నప్పుడే పోరాడవలెను. లేనప్పుడు పోరాడినచో నిజమైన బాధితుని మాటకును విలువ తగ్గును.

ఇక మన కోనసీమకు ప్రత్యేకమైన రెండు చిక్కులున్నవి. గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రపుటొడ్డున నున్న సీమ మనది. అంతర్వేదినుండి ఓడలరేవు దాటువఱకు వీచు గాలిలో ఉప్పును తేమయు గలవు. ఈ గాలి ఫ్రిజ్జులు, ఎయిర్ కండిషనర్ల రాగి, అల్యూమినియపు గొట్టములను దినును. సన్ననిరంధ్రము పడి గ్యాసు పోవును. కంపెనీవారు వచ్చి, "ఇది మీ యూరి యుప్పుగాలివలన వచ్చినది; మా తప్పు కాదు" అందురు. దీనికి జవాబేమి? రాజోలులో దుకాణము పెట్టి యమ్మినవానికి సముద్రము ప్రక్కనున్నదని తెలియదా? కొనునప్పుడే మా యూరు సముద్రతీరముననున్నది, ఇచటి గాలికి నిలుచు వస్తువు కావలెనని చెప్పి, ఆ మాటను బిల్లుమీద వ్రాయించుకొన్నచో 1930వ శాసనములోని ప్రయోజనయోగ్యతా షరతు మీకండగా నుండును. వ్రాయుటకు దుకాణదారు వెనుదీసినచో ఆ వస్తువును గూర్చి మీకు దెలియవలసినది తెలిసినట్లే.

రెండవచిక్కు విద్యుత్తు. గాలివానకు కొబ్బరిమట్ట తీగలపై బడుట, కరెంటు పోవుట, వచ్చునప్పుడు హెచ్చుతగ్గులతో వచ్చుట మనకు నిత్యానుభవము. ఇండ్లకిచ్చు విద్యుత్తు 230 వోల్టులకు నూటికి ఆఱుపాళ్లకంటె హెచ్చుతగ్గు లేకుండ, అనగా సుమారు 216 మొదలు 244 వోల్టులలోపల నుండవలెనని ప్రమాణము. వీథిలోని పది యిండ్లలో నొకేరాత్రి యంత్రములు మాడినచో అది తయారుదారుని దోషము కాదు. ఆ మొర విద్యుత్పంపిణీ సంస్థకు జెందును. 2003వ సంవత్సరపు విద్యుచ్ఛాసనము ప్రకారము ఆ సంస్థ వినియోగదారుల పిర్యాదుల వేదిక నేర్పఱుపవలెను. అచట న్యాయము జరుగనిచో విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు బోవచ్చును. పదియిండ్లవారును గలిసి, తేదీయు వేళయు గుఱుతుపెట్టి, ఒకే పిర్యాదు వ్రాయుట మేలు.

మొరపెట్టు విధానము కష్టమైనది కాదు. ముందుగా అమ్మినవానికిని తయారుదారునికిని రిజిష్టరు తపాలాలో జాబు వ్రాయుడు: కొన్న తేదీ, బిల్లు సంఖ్య, చెడిన తేదీ, మీరు కోరునది, జవాబునకు గడువు. తరువాత 1915 అను సంఖ్యకు ఫోనుచేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమున పిర్యాదు నమోదు చేయింపుడు. చిన్నమొత్తముల తగవులు పెక్కులిచటనే సమసిపోవుచున్నవి. సమయనిచో జిల్లా కమిషను గలదు. ఐదు లక్షల రూపాయల వఱకు ధరగల వస్తువును గూర్చిన వ్యాజ్యమునకు రుసుము లేదు. వకీలు నుంచుకొనక మీరే వాదించుకొనవచ్చును. కంపెనీ ఢిల్లీలోనున్నను బొంబాయిలోనున్నను మీరు నివసించు తావునకు జెందిన కమిషనులోనే దావా వేయవచ్చును. ఇది 2019వ శాసనము గ్రామవాసి కొసగిన గొప్పవరము. ఉమ్మడి తూర్పుగోదావరి కాలమున కాకినాడ, రాజమహేంద్రవరములందు ఈ న్యాయవేదికలు వెలసినవి. 2022లో కోనసీమ ప్రత్యేకజిల్లా యైనది గనుక తమ మండలము ఏ కమిషను పరిధిలోనిదో ముందుగా విచారించుకొనుడు. 2025 జనవరినుండి ఈ-జాగృతి యను నంతర్జాలద్వారమునను దాఖలు చేయవచ్చును.

ఇందు మఱవరానిది కాలపరిమితి. వ్యాజ్యకారణము పుట్టిన దినమునుండి రెండేండ్లలోపల దావా పడవలెను. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు నధికారము కమిషనునకున్నది. కాని దానిని నమ్ముకొని కూర్చుండరాదు. జాబుమీద జాబు వ్రాయుచున్నంతమాత్రమున గడియారము నిలువదు. దావా గెలిచినచో దోషమును దొలగించుటయో, వస్తువును మార్చుటయో, ధరను వాపసు చేయుటయో, నష్టపరిహార మిచ్చుటయో ఆజ్ఞ యగును. ఆజ్ఞను పాటింపనివారికి కారాగారశిక్షయో, ఇరువదియైదువేల రూపాయలకు తక్కువకాని జరిమానాయో, రెండునో విధింపవచ్చును. పరీక్ష యక్కఱలేని వ్యాజ్యమును మూడు నెలలలో, పరీక్ష వలసినదానిని ఐదు నెలలలో ముగింప యత్నింపవలెనని శాసనమున్నను, వాస్తవమున నంతకు మించిన కాలము పట్టుచున్నది. ఓపికలేనివాడు మధ్యస్థముచే రాజీకుదుర్చుకొను మార్గమును ఎన్నుకొనవచ్చును.

ఇంతవఱకు చెప్పినది ఒక్కొక్కని హక్కు. దీనివెనుక నింకొక పెద్దప్రశ్న యున్నది. వస్తువు తొందరగా చెడవలెనని కోరువారు లోకమున లేకపోలేదు. 1924లో జెనీవాయందు ఓస్రాము, ఫిలిప్సు మొదలగు బల్బుల కంపెనీలు ఫీబస్ అను కూటమిగా జేరి, బల్బు ఆయువును వేయిగంటలకు గుదించి, అంతకు మించి వెలిగెడు బల్బులను జేసిన వారికి జరిమానాలు విధించుకొన్నవి. వాడుకరి చేతిలోని వస్తువు ఎన్నాళ్లు బ్రతుకవలెనో వానికి దెలియకుండ నిర్ణయించిరి. ఇప్పటి యుపాయము వేఱు: విడిభాగము దొరకనీయకుండుట, యంత్రపు పటమును వెలుపలివారికి జూపకుండుట, చిన్నభాగము చెడినచో మొత్తము బోర్డునే మార్చవలెననుట.

ఇతర దేశములు మేలుకొన్నవి. ఐరోపాలో 2021 మార్చినుండి ఫ్రిజ్జుల ముఖ్యభాగములను ఏడేండ్లపాటును, వాషింగు మెషీనుల భాగములను పదియేండ్లపాటును అందుబాటులో నుంచవలెనను నియమము వచ్చినది. ఫ్రాన్సులో 2021 జనవరినుండి కొన్ని వస్తువులపై మరమ్మతునకెంత యనువైనదో తెలుపు అంకెను ప్రకటింపవలసియున్నది. మనదేశమున 2022 జులైలో మరమ్మతుహక్కును గూర్చి కేంద్రప్రభుత్వ మొక సంఘమును నియమించి, ఆ యేట డిసెంబరు 24న నందుకొక జాలస్థలమును దెఱచినది. 2025 మేనెలలో మొబైల్ ఫోనులకును ఎలక్ట్రానిక్ వస్తువులకును మరమ్మతుసూచికను గూర్చిన నివేదిక యందినది. ఇవి మంచి యడుగులే. కాని యిన్నియేండ్లు విడిభాగముల నుంచితీఱవలెనని గృహోపకరణముల కన్నిటికిని వర్తించు శాసనము మనకింకను లేదు. అది వచ్చువఱకు నడుగుచుండుట మన ధర్మము.

ఇది కొనువాని సౌకర్యము మాత్రమే కాదు. అమలాపురము, కొత్తపేట, రావులపాలెము బజారులలో చిన్నగదులలో కూర్చుండి ఫ్యానులకు తీగచుట్టి, మిక్సీలకు బుష్షులు వేసి జీవించు పనివారున్నారు. విడిభాగము లమ్మక, పటములు చూపక కంపెనీలు తలుపులు మూసికొన్నచో వారి నేర్పు వ్యర్థమగును. మన యింటి వస్తువు చెత్తకుప్ప పాలగును. మన సొమ్ము మఱల షోరూమునకే పోవును.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమసభ జరిగిననాటినుండి మన పఠనమందిరములు చదువురానివారికి పత్రికలు చదివి వినిపించి దేశమును మేల్కొల్పినవి. నేడు వాని కింకొక పని గలదు. ప్రతి పఠనమందిరమునను వారమున కొకదినము ఒక చదువుకొన్న యువకుడు కూర్చుండి, వచ్చినవారి గ్యారంటీ కార్డును చదివి, వారికి అర్థము చెప్పి, జాబు వ్రాసిపెట్టవలెను. ఏ మోడలులో ఏ భాగము ఎన్నినెలలకు జెడినదో యొక పుస్తకమున నెక్కింపవలెను. ఒక్కని యింట జెడినది వాని దురదృష్టమనిపించును. ఇరువదియిండ్లలో నదేభాగము జెడినట్లు పుస్తకము చూపినచో అది సాక్ష్యమగును. ఈ పనిలో స్త్రీలు ముందుండవలెను. ఏలయన యంత్రమాగినదినమున వెన్నువంచి బట్టలుదుకువారు వారే.

బిల్లు లేనిదే కొనకుడు. జాబ్ షీటు లేనిదే మెకానిక్కును పంపకుడు. గడువు తీఱినదన్న మాట విని తలవంచకుడు. ఏ గడువు తీఱినది, ఏ బాధ్యత మిగిలినది యని నిలిచి యడుగుడు. అడుగువాడు లేనిచోట శాసనము కాగితముమాత్రమే. ఈ పుస్తకమును తెఱచి మొదటిపంక్తి వ్రాయుటకు రాబోవు ఆదివారమును నిర్ణయింపవలెనని ఈ సభవారిని ప్రార్థించుచు విరమించుచున్నాను.